ఆగ్నేయ మూల బావి

ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ముందు నవ్వు వస్తుంది, వెనకాలే సిగ్గు వస్తుంది. నవ్వు తొందరగా వెళ్లిపోతుంది, సిగ్గు మాత్రం కూర్చుంటుంది. తొంభైల నడిమి రోజులవి. మదనపల్లెలో ఓ బట్టల కొట్లో చీరలు చూపించే ఉద్యోగం నాది. కూర్చున్న చోటినుంచి లేవకుండా నలభై చీరలు పరిచి నలభై ఒకటోది కొనిపిస్తానని నాకు పేరు. (ఆ నలభై మళ్లీ మడతపెట్టడానికి ఎంతసేపు పడుతుందన్నది మా యజమాని బాధ.) అలా అమ్మీ అమ్మీ నా నోటికి ఒక జబ్బు పట్టుకుంది. ఎదుటి మనిషి వద్దన్నది కావాలనిపించడం, కావాలన్నది వద్దనిపించడం నాకు ఆటగా మారింది. ఆ ఆటలో నేనొక పాపం చేశాను. ఇన్నాళ్లలో ఒక్క ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మేం ఉన్నది ఒక పెంకుటింట్లో ముందు గది. మేం అంటే నేనూ, కుప్పం నుంచి వచ్చిన ఇంకొకతనూ. నాది పుంగనూరు. ఇల్లుగలావిడను వీధంతా ఓనరవ్వ అనేది. ఆవిడకు మా పేర్లు తెలుసు గానీ వాటితో అవసరం పడలేదు. "ఏమప్పా పుంగనూరూ, కుప్పం ఇంకా రాలేదా?" అని అడుగుతుంటే దారిన పోయేవాళ్లు బస్సుల గురించి అనుకునేవాళ్లు. ఆ పిలుపుతో అతనికేం నష్టం లేదు. నాకే. పుంగనూరు ఆవులు ఎంత పొట్టివో అందరికీ తెలుసు, నేనేమో ఐదడుగుల మీద రెండంగుళాలు. మిగతాది మీరే ఊహించుకోండి.

కుప్పం మోటార్ల వైండింగు షాపులో పనిచేసేవాడు. కాలిపోయిన పంపు మోటార్లను విప్పి, మళ్లీ రాగితీగ చుట్టడం అతని పని. బోరులో నీళ్లు అయిపోయాక కూడా తిరిగి తిరిగి కాలిన మోటారును చేత్తో తడిమి చెప్పేసేవాడు. "ఇది నీళ్లు లేక సచ్చిపోయిందిరా" అనేవాడు, మనిషి గురించి చెప్పినట్టు. నీళ్లంటే అతనికి అంత గౌరవం. అతని ఊళ్లో, అంటే కుప్పానికి కాస్త అవతలి పల్లెలో, వాళ్లమ్మ కుంటికాలితో మైలు దూరం పోయి బిందె తెచ్చుకునేది. ఇక్కడేమో ఓనరవ్వ పెరట్లో ఒక బావి ఉండేది. నడి వేసవిలో చుట్టుపక్కల అన్నీ ఎండినా అది ఎండేది కాదు. పొద్దున పది దాకా వీధివాళ్లవి, ఆ తర్వాత ఇంటివాళ్లవి నీళ్లు. అవ్వ పెట్టిన చట్టం అది. కుప్పం షాపుకు పోయే ముందు అవ్వకు నాలుగు బిందెలు తోడిపెట్టేవాడు. నేను ఆ టైములో తల దువ్వుకునేవాణ్ణి.

వంట కూడా అతనిదే. మధ్యలో ఒక్క ఉండ కట్టకుండా రాగి సంగటి కెలికేవాడు. అవ్వ రోట్లో చెనక్కాయలూ ఎండుమిరపకాయలూ నూరి ఊరిబిండి చేసేవాడు. ముద్దకు మధ్యలో గుంటచేసి, ఆ పచ్చడి పెట్టి, పైన కాస్త నెయ్యి వేసి నా ముందుకు తోసేవాడు. తిని, చెయ్యి కడుక్కుని, ఉపన్యాసం ఇవ్వడం నా వంతు. (గిన్నెలు తోమడం కూడా నా వంతే, ఒప్పందం ప్రకారం. ఆ ఒప్పందం ఎక్కువగా ఆదివారాలు గుర్తొచ్చేది.)

మా ఇద్దరి మధ్య రోజూ ఒకటే వాదన: అద్దె ఇల్లా, సొంతిల్లా. నేను అద్దె పక్షం. "సొంతిల్లంటే కాళ్లకు కట్టుకున్న రాయిరా. పెంకు పగిలితే మనదే, గోడ పడితే మనదే. అద్దె ఇల్లయితే చొక్కా మార్చినట్టు మార్చొచ్చు" అనేవాణ్ణి. అతను సంగటి కెలుకుతూనే, "గోడకు మేకు కొట్టాలంటే అవ్వను అడగల్ల కదరా" అనేవాడు. అది నిజమే. మేకు కొడతామంటే అవ్వ గోడను చేత్తో నిమిరి, "దానికి నొప్పి పెడతాదప్పా" అనేది. రెండేళ్లు మా చొక్కాలు కిటికీ ఊచలకే వేలాడాయి. "మేకు కోసం ఇల్లు కొంటావా?" అని నేను నవ్వితే, "మేకు కోసం కాదు, బావి కోసం" అనేవాడు. "ఎప్పుడో ఒకప్పుడు బావి ఉండే ఇల్లు కొనల్ల. అమ్మను తెచ్చి దాని గట్టు మీద కూర్చోబెట్టల్ల. ఇంక యాడికీ నడవొద్దని చెప్పల్ల."

ఆ ఎప్పుడో అనుకోకుండా ముందుకొచ్చింది. ఓ సాయంత్రం అవ్వ మా గుమ్మంలో కూర్చుని, రామసముద్రంలో ఉన్న పెద్ద కూతురి దగ్గరికి వెళ్లిపోతానంది. ఇల్లు అమ్మేస్తానంది. కొంగు సర్దుకుని, "కుప్పం, ఈ ఇల్లు నువ్వు తీసుకోప్పా. నీ దగ్గర ఉండేది ఇప్పుడియ్యి, మిగతాది నిదానంగా ఇద్దువులే. బావి సక్కంగా సూసుకుంటావని ఇస్తాండా" అంది. అతను గరిట వదిలేశాడు. పొయ్యి మీద సంగటి మొదటిసారి అడుగంటింది. చివరికి నా వైపు తిరిగి ఏమన్నాడో తెలుసా? "నువ్వు ఈ గదిలోనే ఉండురా. నీకు అద్దె యాల?"

ఈ మాటకు మంచివాడెవడైనా సంతోషపడతాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. రాగితీగ చుట్టేవాడు ఇల్లుగలవాడైతే, పట్టుచీరల మధ్య కూర్చునే నేను అతని ముందు గదిలో ధర్మానికి ఉండాలా? అదొకటి. వాళ్లమ్మ వస్తే వంట ఆమెది, తిండి వాళ్లది, నేను హోటలుకు. అదింకొకటి. వీటిలో ఏది పెద్దదో అప్పుడు తూచుకోలేదు. రెండూ కలిపి దానికి నేను పెట్టిన పేరు, స్నేహితుడి మంచి కోరడం. "తొందరపడొద్దురా, వాస్తు చూపించు. మా మామ ఉండాడు కదా" అన్నాను.

మా మేనమామ పుంగనూరు బస్టాండు దగ్గర టైలరు. బస్సులో అమ్మే వాస్తు పుస్తకమొకటి కొని, సగం చదివి, తన మిషనును షాపులో ఎనిమిది దిక్కులకూ తిప్పి చూసి, ఏదీ నచ్చక చివరికి వాకిట్లో పెట్టుకున్నవాడు. ఆదివారం పోయి ఆయనకు విషయం చెప్పాను. ఇల్లు బాగుందిగానీ ఏదో ఒకటి బాలేదని చెప్పాలన్నాను. మామ తల పంకించి, కొలతలు అడిగినట్టు అడిగాడు.

"దోషం ఏ సైజులో కావాలప్పా?"

"చిన్నది సాలు మామా. ఒక ఏడాది ఆలస్యమయ్యేంత."

"అంటే లూజుగా కుట్టమంటావు" అని, మెడలో టేపు తియ్యకుండానే నాతో బస్సెక్కాడు.

ఆ టేపుతోనే ఇల్లంతా కొలిచాడు. గుమ్మం కొలిచాడు, వసారా కొలిచాడు, అంగుళాల్లో. ఒకచోట అలవాటు కొద్దీ "చెస్టు నలభై రెండు" అన్నాడు కూడా. కుప్పం, అవ్వ చేతులు కట్టుకుని వెనకే నడిచారు. నాకు నవ్వాగక దగ్గు నటించాను. పాపం, మామ నిజంగానే వెతికాడు, ఎక్కడా తప్పు దొరకలేదు. ఆ ఇల్లు కట్టినవాళ్లు అంత శ్రద్ధగా కట్టారు. చెమటలు పట్టి, దాహమేసి, పెరట్లోకి వెళ్లి, అవ్వ తోడిచ్చిన చెంబెడు నీళ్లు గటగటా తాగి, అప్పుడు చూశాడు బావి ఏ మూలన ఉందో.

"ఆగ్నేయం!" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "అగ్ని ఉండాల్సిన మూలలో నీళ్లా! ఇంట్లో పెద్ద ఆడమనిషికి మంచిది కాదమ్మా."

అవ్వ నమ్మలేదు. "నలభై ఏండ్లుగా తాగతాండానప్పా ఈ నీళ్లు. నాకేమైంది, గుండ్రాయి మాదిరి ఉండాను."

మామ ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ టైలరు కదా, తప్పు కత్తిరించిన గుడ్డను కూడా ఏదో ఒకటి చేసి అతికిస్తాడు. "కట్టినోళ్లకు పనిచేయదమ్మా. కొన్నోళ్లకు పనిచేస్తాది" అన్నాడు.

పెద్ద ఆడమనిషి అనగానే కుప్పం ముఖం వాడిపోయింది. నేను కోరుకున్నదీ అదే, కాస్త తగ్గడం. కానీ అవ్వ ముఖం కూడా వాడింది, దాన్ని నేను గమనించలేదు. చీర అమ్మేవాడు కొనేవాళ్ల ముఖమే చూస్తాడు. ఆ వారంలోనే కుప్పం గంగజాతరకు ఊరికి బయలుదేరాడు. "అమ్మనే అడిగి వస్తాన్రా" అన్నాడు. నేను బస్టాండుదాకా వెళ్లి సాగనంపాను. ఇంకో ఏడాది సంగటికి ఢోకా లేదనుకుంటూ ఈలవేసుకుంటూ వచ్చాను.

అతను వెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం అన్నానికి వస్తే ఇంటి ముందు ట్రాక్టరు ఉంది. నిండా ఎర్రమన్ను. పెరట్లో అవ్వ కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. గిలక ఊడదీసి గోడకు ఆనించారు. నన్ను చూసి అవ్వ ముఖం వెలిగింది. "మంచి టైముకు వచ్చినావప్పా పుంగనూరూ. మీ మామ సెప్పిన మూల ఇదే కదా? పొరపాటున ఇంకోటి పూడిస్తే బాగుండదు" అంది. (ఆ పెరట్లో ఇంకో బావి లేదు.) "అంత మంచి పిల్లోనికి దోషముండే ఇల్లు అంటగడతానా నేను? వాళ్లమ్మకు ఏమన్నా అయితే ఆ పాపం యాడ పెట్టుకోవల్ల?"

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. అప్పటికింకా ఒక్క తట్ట మన్ను కూడా పడలేదు. బావిలో ఆకాశం కనిపిస్తోంది. నేను నోరు తెరిచి, "అవ్వా, అదంతా ఉత్తదే, నేనే చెప్పించా" అంటే అయిపోయేది. నలభై చీరలు పరిచే నోరు నాది. అది తెరుచుకుని అన్న మాట, "అవునవ్వా, ఈ మూలే." ఇంతలో డ్రైవరు వెనక్కి తీసుకుంటూ, గాలికి మూసుకుపోతున్న గేటును చూపించి, "రవ్వంత పట్టుకోప్పా" అని అరిచాడు. పట్టుకున్నాను. ఒక్క ట్రాక్టరుకు కాదు, ఎనిమిదింటికీ పట్టుకున్నాను. మొదటి మన్ను పడినప్పుడు నీళ్లలోంచి వచ్చిన చప్పుడు ఇప్పటికీ చెప్పలేను. చివరి ట్రాక్టరుకు చప్పుడే లేదు. డ్రైవరు వెళ్తూ నాకు దండం పెట్టి, "శానా సాయం సేసినావు" అన్నాడు.

మరో ఐదు రోజులకు కుప్పం వచ్చాడు, వాళ్లమ్మను వెంటబెట్టుకుని. ఆమె నెత్తిన చిన్న మూట, చేతిలో కొత్త చేంతాడు, జాతరలో కొన్నది, కొబ్బరి పీచు వాసన ఇంకా పోలేదు. వాస్తు మాట విని ఆమె ఒకటే అందట. "నీళ్లిచ్చే తల్లికి మూలలేందిరా, కొనుక్కో పో." కుంటుకుంటూ నేరుగా పెరట్లోకి వెళ్లింది, వెనక కుప్పం, వాళ్ల వెనక నేను. బావి ఉన్నచోట చదునుగా ఎర్రమన్ను. దాని మీద అవ్వ అప్పుడే పేడనీళ్లు చల్లి ముగ్గు కూడా వేసింది.

"నీ కోసమే పూడిపించినానప్పా. ఇంక ఏ దోషమూ లేదు" అంది అవ్వ ఆనందంగా.

కుప్పం వంగి ముగ్గు పక్కన మన్నును చేత్తో తడిమాడు. కాలిన మోటారును తడిమినట్టు తడిమాడు. తర్వాత, "మంచి పని సేసినావవ్వా" అన్నాడు. అంతే. ఆ మాటలో విరుపు లేదు. అవ్వ ముందు ఇంకోమాట అనలేదు, అవ్వ లేనప్పుడూ అనలేదు. నాతో మాత్రం సాయంత్రం, "మీ మామకు తెలీదు పాపం, ఈ ఇంట్లో నాకు కావాల్సింది అదొక్కటేనని" అన్నాడు. నేను ఆ రోజు గిన్నెలన్నీ తోమాను, ఆదివారం కాకపోయినా.

నెల తిరక్కుండా అతను కుప్పం వెళ్లిపోయి అక్కడే చిన్న వైండింగు షాపు పెట్టుకున్నాడు. అక్కడికి పోయినా అద్దె ఇల్లే. బావి లేని ఇల్లు అవ్వ అనుకున్న ధరకు పోలేదు. ఎవరో కొని, పడగొట్టి, మేడ కట్టారు. అవ్వ రామసముద్రం వెళ్తూ గోడ నిమిరి వెళ్లింది. ఆ తర్వాత రెండుసార్లు కబురు పంపింది, కుప్పం బాగుండాడా అని. నేను ఒక్కసారీ వెళ్లి కనపడలేదు. వాళ్లమ్మ గదిలో వదిలేసి పోయిన చేంతాడు మాత్రం నా దగ్గర మిగిలిపోయింది. ఏ అద్దె ఇంటికి మారినా దాన్ని బట్టలారేసుకునే తాడుగా కట్టుకున్నాను. మారింది కూడా ఎంత దూరమని! అన్నీ ఆ చుట్టుపక్కలే.

శిక్ష సరిగ్గా అక్కడే పడింది. బావి పోయాక ఆ వీధికి నాలుగు రోజులకొకసారి వచ్చే ట్యాంకరే గతి. ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టి నిలబడాలి. ఆ వరసలో నేనూ, నా ముందు అవ్వ ఎదురింటి అక్క. ప్రతిసారీ ఆమె పాట ఒకటే. "ఏ పాపిష్టోడు సెప్పినాడో ఆ ముసలామెకు! వాని నోట్లో మన్ను పడ!" నేను బిందె పట్టుకుని, "పడాల్సిందేనక్కా" అనేవాణ్ణి. మరేమనాలి? ఆ వెంటనే ఆమె వెనక్కి తిరిగి, "నువ్వు మంచోడివప్పా, షాపుకు పోవల్ల. ముందు నీ బిందె పెట్టుకో" అనేది. పెట్టుకునేవాణ్ణి. షాపుకు ఆలస్యమవుతుంది కదా!

తొమ్మిదేళ్లకు కుప్పం నుంచి కార్డు వచ్చింది. పాత ఇల్లొకటి కొన్నానని, గృహప్రవేశానికి రమ్మని. వెళ్లకపోతే బాగుండనిపించింది, వెళ్లకపోతే బతకలేననీ అనిపించింది. చేంతాడు విప్పి, పేపర్లో చుట్టి, పుంగనూరు దాకా ఒక బస్సు, పలమనేరు దాకా ఒకటి, అక్కణ్ణుంచి ఇంకొకటి మారి వెళ్లాను. నన్ను చూడగానే కుప్పం చెయ్యి పట్టుకుని ఇల్లు కూడా చూపించకుండా పెరట్లోకి లాక్కుపోయాడు. బావి. గట్టు మీద వాళ్లమ్మ, కుంటికాలు చాపుకుని కూర్చుని ఉంది. "ఏ మూలో సూడరా" అన్నాడు నవ్వుతూ. చూశాను. ఆగ్నేయం. "మీ మామను పిలిపిద్దామంటే అమ్మ వద్దనె. నువ్వన్నా సెప్పు, ఏమన్నా అవుతాదా?" అన్నాడు. వేళాకోళానికి కాదు, కొంచెం నిజంగానే అడిగాడు. ఆ భయం నేను పెట్టింది. తొమ్మిదేళ్లుగా మోస్తున్నాడు.

ముసలమ్మ నాకు చెంబుతో నీళ్లిచ్చి, పేపరు విప్పి, తాడు గుర్తుపట్టింది. "ఇది నేను జాతర్లో కొన్నది కదా సామీ!" అంది. చెంబు గట్టు మీద పెట్టేశాను. అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను. మామకు లూజుగా కుట్టమన్న దగ్గర్నుంచి గేటు పట్టుకున్నదాకా, ఎనిమిది ట్రాక్టర్లూ. చెబుతుంటే నా గొంతు నాకే చీర అమ్ముతున్నట్టు వినిపించి మధ్యలో రెండుసార్లు ఆగాను.

కుప్పం గట్టు పక్కగా నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తోసేస్తాడేమో అనుకున్నాను. తోస్తే బాగుండుననీ అనుకున్నాను. చివరికి అడిగాడు.

"అంటే, నా సంగటి కోసమా?"

"సగం సంగటి. సగం కుళ్లు."

"కుళ్లుకు నేనేం సేయలేను" అన్నాడు. "సంగటికైతే, అడిగింటే నేర్పించి పోతాంటి కదరా."

అది విని వాళ్లమ్మ ఫక్కున నవ్వింది. నేను నవ్వబోయి ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. తాడును రెండు చేతులా లాగి చూసి, "ఇది బావికి పనికిరాదప్పా. గుడ్డలు ఆరేసుకునేదానికే. ఎత్తుకొని పో" అని మళ్లీ పేపర్లో చుట్టి ఇచ్చింది. మధ్యాహ్నం విస్తట్లో బూరెల పక్కన, నా ఒక్కడికీ, ఒక సంగటి ముద్ద పడింది. దేవుడి ముందు దీపం వెలుగుతుండగా ఇంటాయన స్వయంగా వెళ్లి కెలికి తెచ్చాడు. మధ్యలో గుంట, ఊరిబిండి, పైన నెయ్యి. అంత కష్టంగా ఎప్పుడూ ఏదీ తినలేదు, అంత ఇష్టంగానూ తినలేదు.

కుప్పం అలా వదిలేశాడు. వీధి వదల్లేదు, వీధికి నేను చెప్పలేదు కాబట్టి. ఊరినుంచి వచ్చాక ఒక నిర్ణయం తీసుకున్నాను, ట్యాంకరు వరసలో ఎప్పుడూ చివరే నిలబడాలని. దానివల్ల ఎదురింటి అక్కకు నా మీద గౌరవం ఇంకా పెరిగింది. "అందరికీ దొరికినాకే పట్టుకుంటాడమ్మా, ఇట్లాంటోళ్లు ఉండారా!" అని కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను చూపిస్తోంది. చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. నలభై చీరల నోరు అక్కడ ఒక్క మడత కూడా విప్పదు. అందుకే ఇది రాస్తున్నాను. చదివినవాళ్లెవరైనా ఆమెకు చెప్పేస్తే నాకు సగం భారం తీరుతుంది. మిగతా సగం ఎలాగూ నాదే.

ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాను. సొంతిల్లు కాళ్లకు రాయి అన్నవాణ్ణి, ఇల్లు మారాల్సి వచ్చినప్పుడల్లా అడిగే మొదటి మాట, "నీళ్లు ఉండాయా?" సంగటి నేనే చేసుకుంటున్నాను. కుప్పం ఫోనులో చెబుతుంటే గరిట తిప్పుతాను. ఉండలు కడుతూనే ఉంటాయి. వాకిట్లో ఆ తాడు మీద నా చొక్కాలు ఆరుతుంటాయి. తాడు ఒక కొన కిటికీకి, ఇంకో కొన గోడకున్న మేకుకు. ఇంటాయన్ను అడిగే కొట్టాను. కొట్టే ముందు గోడను కాస్త నిమిరాను కూడా.